అడిగి తెచ్చుకునే సమాచారమా, తెరిచి పెట్టిన సమాచారమా?

ప్రభుత్వ లెక్కలు తెలుసుకోవడానికి పౌరుడికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. దరఖాస్తు పెట్టి అడగడం ఒకటి, ప్రభుత్వమే వెబ్‌సైట్‌లో పెట్టిన డేటా చూసుకోవడం రెండోది.

మొదటిది పాత దారి. ప్రభుత్వ పత్రాలు చూసే హక్కును స్వీడన్ 1766లోనే చట్టంలో రాసుకుంది. అమెరికాలో అలాంటి చట్టం 1966లో, భారత్‌లో 2005లో వచ్చింది. దీని బలమంతా లోతులోనే ఉంది. రోడ్డుకు ఎంత ఖర్చయిందో పోర్టల్ చెప్పొచ్చు. తారు ఎంత మందాన వేశారు, ఎవరు కొలిచి సంతకం పెట్టారు అన్నది మాత్రం చాలావరకు ఫైల్లోనే ఉండిపోతుంది. అడిగితేనే బయటికొస్తుంది. కాకపోతే ఓపిక కావాలి, ఒక్కోసారి అప్పీలు దాకా వెళ్లాలి. అడిగే తీరూ ముఖ్యమే. "అవినీతి వివరాలు ఇవ్వండి" అంటే ఏమీ రాదు. "ఫలానా పని కొలతల పుస్తకం నకలు ఇవ్వండి" అంటే తప్పించుకోవడం కష్టం.

రెండోదాంట్లో మన పేరు బయటపడదు. ఎవరేమంటారో అన్న టెన్షన్ ఉన్నవాళ్లకు అదే పెద్ద ఊరట. ఉక్రెయిన్ ప్రభుత్వ టెండర్లను ప్రొజోరో అనే వ్యవస్థలో అందరికీ కనిపించేలా పెట్టింది. అలా వందల టెండర్లు పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే కంపెనీ పదేపదే గెలుస్తుంటే ఇట్టే తెలిసిపోతుంది. అయితే ఏం పెట్టాలో నిర్ణయించేది ప్రభుత్వమే. అడ్డంగా తిరిగిన స్కాన్ కాపీలు పడేసి దాన్నే పారదర్శకత అనేవాళ్లూ లేకపోలేదు.

నేనైతే ముందు పోర్టల్ చూస్తాను. అక్కడ ఖాళీగా వదిలేసిన గడి గురించే దరఖాస్తు పెడతాను.