జయపురంలో తాడు మీద బేరం

ఒడిశాలోని జయపురం దగ్గర నిలువు గుహలోకి తాడు మీద దింపుతామని మనిషికి 1,800 రూపాయలు అడిగే ఒక నిర్వాహకుడి గురించి, అటు వెళ్లబోయే తెలుగువాళ్లు ముందే తెలుసుకోవడం మంచిది. విశాఖపట్నం నుంచి కిరండూల్ రైల్లో మా నలుగురి ప్రయాణం హాయిగా సాగింది. 1,300 రూపాయల గది శుభ్రంగా ఉంది.

గుహ నోటి దగ్గర చూస్తే తాడును ఒకే ఒక్క చెట్టుకు కట్టారు. ఆ కట్టు ఊడినా, జారినా ఆదుకునే రెండో ఆధారం లేదు. సున్నపురాయి అంచు మీద తాడు నేరుగా ఒరుసుకుంటోంది, కింద గోనెపట్టా అయినా వేయలేదు. ఒకచోట పైతొడుగు చిట్లి లోపలి తెల్లని పోగులు బయటపడ్డాయి. మనిషి దిగుతున్నప్పుడు బరువుతో తాడు సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది గనుక, పదునైన రాయి దానిని రంపంలా కోస్తుంది. అందుకే గుహల్లో దిగేవారు తక్కువ సాగే స్టాటిక్ తాడు వాడి, అది రాతికి ఒరుసుకోకుండా మధ్యమధ్యలో గోడకు మళ్లీ బిగించుకుంటూ వెళతారు.

ఎన్‌సీసీలో తాడు దిగడం నేర్చినవాడిని కాబట్టి, తాడు చివర ముడి వేశారా అని అడిగాను. "నేల దాకా ఉంటుంది సార్, భయం లేదు" అన్నాడు. కింద చీకటి, నేల ఎక్కడుందో పైనుంచి ఎవరికీ కనిపించదు. తాడు చాలక చివరి నుంచి జారిపోవడం ఈ ఆటలో పదే పదే జరిగే ప్రమాదం, దానికి విరుగుడు అర నిమిషంలో పడే ముడి. చేయి జారితే పట్టి ఆపే ప్రూసిక్ ముడి లేదు, కింద తాడు పట్టుకుని నిలబడే మనిషీ లేడు. హెల్మెట్లు ఇళ్లు కట్టేవారి పసుపు టోపీలు, రెండింటికి గడ్డం పట్టీ లేదు. ఇంటర్ చదివే మా అమ్మాయి జడ వదిలేసి, చున్నీ వేసుకుని నిలబడితే, అవి దిగే పరికరంలో చిక్కుకుంటాయని ఒక్కరూ చెప్పలేదు. మధ్యలో ఎవరైనా ఇరుక్కుంటే ఏం చేస్తారని అడిగితే "లాగేస్తాం" అన్నారు. కదలకుండా హార్నెస్‌లో, అంటే ఒంటికి బిగించే పట్టీల్లో, వేలాడే మనిషికి కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. పైకి లాగే కప్పీ గానీ, అదనపు తాడు గానీ అక్కడ మచ్చుకైనా లేవు.

దిగం అన్నాము. మనిషికి 500 చొప్పున ఇచ్చిన అడ్వాన్సు తిరిగి రాలేదు. ఈ సరదా కోసమే సెలవు పెట్టి వచ్చిన మా బావమరిది సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. 2,400 రూపాయలకు జీపు మాట్లాడుకుని గుప్తేశ్వరం వెళ్లాము. సంపెంగ చెట్ల నడుమ మెట్లు, గుహలోని శివలింగం, దిగువన శబరి నది చూశాక మా ఆవిడ ఆ 2,000 గురించి సణగడం మానేసింది.

తాడు మీద దిగాలనుకునేవారు డబ్బు ఇవ్వకముందే తాడంతా చేత్తో తడిమి చూడండి, రెండు ఆధారాలు, చివరి ముడి చూపించమనండి. కసురుకుంటే వెనక్కి వచ్చేయండి. వానాకాలంలో అసలే వద్దు, నిలువు గుహల్లోకి నీరు ఒక్కసారిగా దూకుతుంది, తడిసిన నైలాన్ తాడు బలమూ తగ్గుతుంది.

మరునాడు బావమరిది ఫోనుకు అయిదు నక్షత్రాలు ఇవ్వమని ఆ నిర్వాహకుడి సందేశం వచ్చింది. అడ్వాన్సు పంపితే ఇస్తానని వాడు బదులు పెట్టాడు. ఇంతవరకు ఉలుకూ పలుకూ లేదు.