రాగి మాల్ట్ ప్యాకెట్లు: పొద్దున్నే పరుగెత్తేవాళ్ల నీరసం తీరుస్తాయా?

ముందు తీర్పు చెప్పేస్తాం. మాల్ట్ అంటే మొలకెత్తించిన గింజల పిండి. అలాంటి ఉత్త రాగిపిండి ప్యాకెట్ కొనదగ్గదే. బెల్లం, యాలకులు, బాదం కలిపిన రెడీమిక్స్ పెట్టిన డబ్బుకి తగదు. పది పన్నెండు గింజల పేర్లు అచ్చేసిన 'హెల్త్ మిక్స్' సంగతి లేబుల్ చదివాకే తేలాలి. డబ్బా మీద "నీరసం పోతుంది, రక్తం పడుతుంది" అని రాస్తారు కదా, అందులో మొదటి ముక్క షరతుల మీద నిజం. రెండోది దాదాపు ఉత్తమాట.

రోజూ పరుగెత్తేవాళ్లు, జిమ్‌కి పోయేవాళ్లు, షటిల్ ఆడేవాళ్లు "నిద్ర బాగానే పడుతోంది, అయినా ఓపిక ఉండట్లేదు" అంటుంటారు. వాళ్లలో చాలామందికి అసలు సమస్య ఖర్చయినంత తినకపోవడమే. 60 కిలోల మనిషి 8 కిలోమీటర్లు పరుగెడితే సుమారు 480 కేలరీలు ఖర్చవుతాయి. ఆ పరుగు పరగడుపున, ఎనిమిదికి ఒక టీ, పదింటికి మూడు ఇడ్లీలు. ఇలా నెలలు గడిస్తే బరువు పెద్దగా తగ్గకపోయినా కాళ్లు బరువెక్కుతాయి, మధ్యాహ్నానికి కళ్లు మూతలు పడతాయి, ఆడవాళ్లలో నెలసరి కూడా తప్పొచ్చు. రాగి మాల్ట్‌ని తూచాల్సింది ఈ లోటు దగ్గర పెట్టి.

ప్యాకెట్ వెనక రాసిన కొలత సాధారణంగా గ్లాసుకి రెండు చెంచాల పిండి, అంటే 20 గ్రాములు. దాంతో వచ్చేవి 64 కేలరీలు, 13 గ్రాముల పిండిపదార్థం, ఒకటిన్నర గ్రాము లోపు ప్రోటీన్. రెండు బిస్కెట్లు తిన్నదానికి దీనికి పెద్ద తేడా లేదు. ఇది తాగి గంటసేపు పరుగెత్తి "రాగిజావ కూడా పనిచేయలేదు" అంటే తప్పు రాగులది కాదు, కొలతది.

'పాలకన్నా మూడు రెట్లు కాల్షియం' అన్న ప్రచారమూ ఇలాంటిదే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. 100 మిల్లీలీటర్ల పాలలో 120 దాకా ఉంటుంది. లెక్క తప్పు కాదు. కానీ గ్లాసు జావలో పడేది 20 గ్రాముల పిండి, అంటే 73 మిల్లీగ్రాములు. గ్లాసు పాలు తాగితే 240. గ్లాసుకి గ్లాసు పోలిస్తే పాలదే పైచేయి.

మరి ఎంత వేయాలి? పరుగుకి గంట ముందు కిలో బరువుకి ఒక గ్రాము పిండిపదార్థం అన్నది క్రీడాపోషణలో వాడే లెక్క. 60 కిలోలవాళ్లకి 60 గ్రాములు. 40 గ్రాముల రాగిపిండి, 15 గ్రాముల బెల్లం, చిటికెడు ఉప్పు కలిపి 300 మిల్లీలీటర్ల జావ కాస్తే 40 గ్రాములు వస్తుంది. పైన ఒక అరటిపండు తింటే లెక్క సరిపోతుంది. అరగంట నడకకి ఇంత అక్కర్లేదు, నీళ్లు తాగి వెళ్లినా చాలు.

ఇక్కడే మొలకెత్తించిన పిండి విలువ తెలుస్తుంది. మామూలు రాగిపిండి 40 గ్రాములు 300 మిల్లీలీటర్లలో వేసి కాస్తే అది జావ కాదు, సంకటికి తమ్ముడు. గ్లాసుతో తాగలేం. మొలకెత్తినప్పుడు గింజలో ఎమైలేజ్ అనే ఎంజైమ్ పుడుతుంది. అది పిండిని విరిచి జావను పలచబరుస్తుంది. కాబట్టి అంతే గ్లాసులో రెట్టింపు పిండి పడుతుంది, తాగడానికీ ఇబ్బంది ఉండదు. పైగా ఇనుమును కట్టిపడేసే ఫైటేట్లు మొలకెత్తినప్పుడు కొంత తగ్గుతాయి.

ప్యాకెట్‌లో ఉన్నది నిజంగా మాల్టేనా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. 40 గ్రాముల పిండిని 300 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నసెగ మీద పది నిమిషాలు తిప్పుతూ నెమ్మదిగా వేడి చేయండి. మంచి మాల్ట్ అయితే ముందు కొంచెం చిక్కబడి, తర్వాత మెల్లగా జారుడుగా వస్తుంది. గరిటెకి అంటుకుని గట్టిగానే నిలిచిందంటే అది మామూలు పిండి, లేదా ఘుమఘుమ కోసం ఎర్రగా వేయించి ఎంజైమ్‌ను చంపేసినది. అన్నట్టు, మరుగుతున్న నీళ్లలో పిండి పోస్తే ఎంత మంచి మాల్ట్ అయినా గట్టిపడుతుంది, ఎంజైమ్‌కి పనిచేసే వ్యవధే దొరకదు. చాలా ప్యాకెట్ల మీద 'మరిగే నీళ్లలో కలపండి' అనే రాస్తారు! కాగాక రెండు మూడు నిమిషాలు ఉడకనివ్వాలి, లేకపోతే పచ్చివాసన పోదు.

రాగుల్లో పీచు 100 గ్రాములకి 11 గ్రాములు కాబట్టి కొందరికి పరుగు మధ్యలో కడుపు తిప్పుతుంది. అలాంటివాళ్లు పిండిని పలచటి గుడ్డలో జల్లించుకోవాలి, లేదా గంటకి బదులు గంటన్నర ముందు తాగాలి. షుగర్ ఉన్నవాళ్లు బెల్లం జావ జోలికి పోకుండా, మందుల వేళల్ని బట్టి ఏం తాగాలో డాక్టర్నే అడగాలి.

'రక్తం పడుతుంది' అన్న మాటకొస్తే, 40 గ్రాముల రాగుల్లో ఉన్న ఇనుము 1.85 మిల్లీగ్రాములు. అదే పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం రోజుకి కావాల్సింది మగవాళ్లకి 19, ఆడవాళ్లకి 29 మిల్లీగ్రాములు. ఆ కాస్తలోనూ రాగుల్లోని టానిన్లు అనే వగరు పదార్థాలు, ఫైటేట్లు అడ్డుపడగా ఒంటికి పట్టేది ఇంకా తక్కువ. పాలు పోసి కాస్తే పాలలోని కాల్షియం మరింత తగ్గిస్తుంది. రాగిజావను ఓపిక కోసం తాగండి, ఇనుము కోసం వేరే దారి చూడండి: మాంసం తినేవాళ్లకి మటన్, కాలేయం, తిననివాళ్లకి పప్పులు, సెనగలు, ఆకుకూరలు. వాటితో పాటే నిమ్మరసమో సగం జామకాయో ఉండాలి, సి విటమిన్ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. టీ, కాఫీ భోజనానికి గంట ఎడంగా.

రెడీమిక్స్‌లకి మార్కులు ఎందుకు తగ్గించామంటే, లేబుల్ మీద పదార్థాలను బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ వైపు రాయాలన్నది నియమం. చక్కెరో బెల్లమో మొదటి రెండు స్థానాల్లో ఉంటే రాగి ధరకి చక్కెర కొంటున్నట్టే. పట్టికలో 'యాడెడ్ షుగర్స్' గడి చూడండి, 100 గ్రాములకి 30 గ్రాములు దాటితే కొనకుండా తిరిగి షాపు షెల్ఫ్‌లోనే పెట్టేయండి. హెల్త్ మిక్స్‌లో చివరి అయిదారు గింజలు చాలాసార్లు పేరుకే. పుట్నాలు, పెసలు, పల్లీలు జాబితా పైభాగంలో ఉండి, 100 గ్రాములకి ప్రోటీన్ 14 గ్రాముల పైన ఉంటే తీసుకోవచ్చు. ధర కూడా చూడాలి. 2025-26కి రాగుల మద్దతు ధర క్వింటాలుకి 4,886 రూపాయలు, అంటే కిలో 49 లోపే. మొలకెత్తించి, ఎండబెట్టి, మరపట్టే ఖర్చు కలిపినా ప్యాకెట్ ధర ఎక్కడ ఆగాలో ఆలోచించండి.

జావ పరుగుకి ముందు పని మాత్రమే చేస్తుంది. పరుగు తర్వాత గంటలోపు టిఫిన్ పడకపోతే నీరసం అక్కడే ఉంటుంది. నాలుగు ఇడ్లీల్లో ప్రోటీన్ 8 గ్రాముల చుట్టూ ఉంటుంది, కావాల్సింది 20 దాకా. 60 గ్రాముల పెసలతో పోసిన పెసరట్లు, పక్కన ఒక ఉడికించిన గుడ్డు లేదా గ్లాసు పాలు అయితే కుదురుతుంది.

మూడు నాలుగు వారాలు ఇలా సరిగ్గా తిన్నా మార్పు లేకపోతే ఇంకో డబ్బా కొనొద్దు. సీబీపీ (రక్తకణాల లెక్క)తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు చేయించుకోండి. హిమోగ్లోబిన్ బాగున్నా ఫెరిటిన్ పడిపోయి ఉండొచ్చు, పరుగెత్తే ఆడవాళ్లలో ఇది కొత్తేం కాదు. బి12 మొక్కల ఆహారంలో దొరకదు, శాకాహారుల రిపోర్టులో ముందు చూడాల్సింది అదే. ఐరన్ మాత్రలు రిపోర్టు లేకుండా మింగొద్దు, ఎక్కువైనా ప్రమాదమే.

కొనేటప్పుడు అరకిలో ప్యాకెట్ చాలు. రోజుకి 40 గ్రాముల చొప్పున పన్నెండు రోజులు వస్తుంది. బాదం, పల్లీలు కలిపినవైతే విప్పాక నెలలోపే నూనె ముక్కవాసన పడుతుంది, అందుకని ఫ్రిజ్‌లో పెట్టాలి. ఉత్త రాగిపిండి గాలి చొరబడని డబ్బాలో బయటే ఉంటుంది, తడి చెంచా తగలనీయకుండా ఉంటే చాలు.