సికింద్రాబాద్-తిరుపతి వందే భారత్: గుంటూరు నుంచి నాన్నతో చేసిన ప్రయాణాలు

ఈ బండి 2023 ఏప్రిల్ 8న మొదలైంది. మొదట్లో 8 పెట్టెలే, టికెట్ దొరకడం గగనంగా ఉండేది. మే నెలలో 16 చేశాక కాస్త ఊపిరి పీల్చుకున్నాం. అప్పటి నుంచి నాన్నని హైదరాబాద్ కంటి పరీక్షకి ఇందులోనే తీసుకెళ్తున్నాను.

నాన్నకి డెబ్బై నాలుగేళ్లు. ఇదివరకు బస్సు ప్రయాణమంటే ముందు రోజు రాత్రి నుంచే మంచినీళ్లు తాగడం తగ్గించేసేవారు, దారిలో ఎక్కడ ఆపమనాల్సి వస్తుందోనని. ఇప్పుడా టెన్షన్ లేదు. సీసా పక్కనే పెట్టుకుని తాగుతారు, మోకాళ్లు పట్టేస్తే లేచి పెట్టె ఆ చివర దాకా నడిచొస్తారు. నాకు ఈ బండి విలువ తెలిసింది అక్కడే. నాలుగు గంటల లోపే సికింద్రాబాద్ చేరడం ఆ తర్వాతి మాట.

టైములు మాత్రం మనకి కుదరవు. రాత్రి ఎనిమిది లోపు గుంటూరులో ఎక్కితే దిగేసరికి అర్ధరాత్రి కావస్తుంది. తిరుగు బండి పొద్దున్నే ఆరుంబావుకి. ఒక్క పూట పరీక్షకి రెండు రాత్రులు తమ్ముడింట్లో ఉండాలి. తిరుపతికైతే హాయి: పొద్దున పది లోపు ఎక్కితే మూడయ్యేసరికి అక్కడుంటాం. మంగళవారం బండి లేదు, చూసుకోండి.

నన్ను బాధపెట్టేది పిడుగురాళ్ల. మా అక్క ఉండేది అక్కడే. బండి ఆ స్టేషన్ మీదుగానే వెళ్తుంది, ఆగదు. మాతో కలిసి ఎక్కాలంటే అక్క వెనక్కి గుంటూరు రావాలి, ఎక్కాక మళ్లీ తన ఊరు దాటుకునే పోవాలి. పైగా సింగిల్ లైను. ఒకసారి అక్కతో ప్యాసింజర్‌లో వస్తుంటే వేరే బండికి దారివ్వడానికి స్టేషన్లో పక్క పట్టాల మీద, అదే లూప్ లైన్లో, ఆపారు. చాలాసేపటికి వందే భారత్ దుమ్ము రేపుకుంటూ పోయింది. "మా ఊరి మీద నుంచే పోతుంది చూడవే, ఎక్కాలంటే మాత్రం మీ ఊరు రావాలి" అంది అక్క, ఒళ్లో సంచి సర్దుకుంటూ.

ముంబై-అహ్మదాబాద్ మధ్య 508 కిలోమీటర్ల బుల్లెట్ రైలుకి వేరే పట్టాలే వేస్తున్నారు కాబట్టి దానికోసం ప్యాసింజర్లు ఆగక్కర్లేదు. మన దగ్గర ఉన్న ఒక్క లైనునే అన్ని బండ్లూ పంచుకోవాలి. గంటకి 160 కిలోమీటర్లు పోగల బండి ఇక్కడ ఆ వేగం అందుకోలేదు. ఈ దారిలో గుంటూరు నుంచి హైదరాబాద్ దగ్గరి బీబీనగర్ దాకా వేస్తున్న రెండో లైను త్వరగా పూర్తి కావాలి. అంతవరకూ కనీసం ఈ బండి వేళకి అందేలా పిడుగురాళ్ల, సత్తెనపల్లి వైపు నుంచి ఒక ప్యాసింజర్ నడిపితే ఎంతో మేలు.

వచ్చే నెల అక్కకి కూడా కంటి పరీక్ష ఉంది. మధ్యాహ్నానికల్లా మా ఇంటికి వచ్చేయమన్నాను. ముగ్గురికీ టికెట్లు తీశాను.