స్టాల్ హారన్, కోణం చూపే మీటర్: ఏది మేలు?

లెనార్డ్ గ్రీన్ 1946లో అమెరికాలో పెట్టిన సేఫ్ ఫ్లైట్ కంపెనీకి పేరు తెచ్చింది విమానాల్లో పెట్టే స్టాల్ వార్నింగ్ పరికరం. స్టాల్ అంటే రెక్క గాలికి మరీ ఏటవాలుగా లేచి, విమానాన్ని పైకి నిలిపే బలాన్ని చాలావరకు కోల్పోవడం. రెక్క ముందంచున చిన్న రేకు ఉంటుంది. రెక్క గాలికి మరీ ఏటవాలుగా లేస్తే గాలి ఆ రేకును పైకి నెడుతుంది, కాక్‌పిట్‌లో హారన్ మోగుతుంది. ప్రమాదం దగ్గరపడ్డాకే చెబుతుంది, అంతే.

యాంగిల్ ఆఫ్ అటాక్ మీటర్ అయితే రెక్క గాలికి ఎంత ఏటవాలుగా ఉందో, ఆ కోణాన్ని ఎప్పటికప్పుడు చూపిస్తుంది. స్టాల్‌కు ఇంకెంత దూరం ఉందో ముందే తెలుస్తుంది. వేగం మీటర్ ఒక్కటే చాలదు: విమానాన్ని ఒక పక్కకు 60 డిగ్రీలు వాల్చి, ఎత్తు తగ్గకుండా మలుపు తిప్పితే స్టాల్ వేగం (అంతకన్నా తగ్గితే స్టాల్ అయ్యే వేగం) సుమారు 41 శాతం పెరుగుతుంది. స్టాల్ కోణం మాత్రం దాదాపు అదే.

అయినా నా ఓటు ముందు హారన్‌కే. ల్యాండింగ్ టెన్షన్‌లో కళ్లు రన్‌వే మీదే ఉంటాయి, మీటర్ చూసే తీరిక ఉండదు. డబ్బు కుదిరితే రెండూ పెట్టించుకోవాలి.