కోపాన్ని దిగమింగడమా, చూపు మార్చుకోవడమా?

డ్యూటీలో కోపం వచ్చిన నర్సుకు అందరూ ఇచ్చే సలహా ఒకటే: మొహంలో కనపడనివ్వకు. రోగి బంధువు మీదికొచ్చి అరుస్తుంటే అది అప్పటికప్పుడు పనికొస్తుంది, కాదనలేం. దానికి శిక్షణ కూడా అక్కర్లేదు.

కానీ మొహం ప్రశాంతంగా ఉంటే ఒళ్లు కూడా అలాగే ఉందని కాదు. మనస్తత్వవేత్త జేమ్స్ గ్రాస్ 1998లో ఒక ప్రయోగంలో కొందరికి అసహ్యం పుట్టించే వీడియో చూపించారు. ఏమీ కనపడనీయకుండా దాచుకున్నవాళ్ల శరీరంలో ఒత్తిడి లక్షణాలు పెరిగాయి. అదే వీడియోను మనసు దూరంగా ఉంచి, అందులోని సాంకేతిక వివరాలే గమనిస్తూ చూసినవాళ్లలో అసహ్యమే తగ్గింది. దాచుకునే పనిలో ఉన్నవాళ్లకు అప్పుడు విన్నవి సరిగా గుర్తుండవని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. డాక్టరు ఫోన్‌లో చెబుతున్న మందు డోసు రాసుకుంటున్న నర్సుకు ఇది చిన్న సంగతా?

చూపు మార్చుకోవడమంటే "నన్ను తిడుతున్నాడు" అన్న చోట "భయపడ్డాడు, ఎదురుగా నేను దొరికాను" అనుకోవడం. చిక్కల్లా, కోపం తలకెక్కకముందే అనుకోవాలి. నైట్ డ్యూటీ చివర్లో అది తట్టదు కూడా. అప్పుడు రెండు నిమిషాలు దిగమింగి, పక్కకు వెళ్లి ఊపిరి పీల్చుకోవడమే నయం. మిగతా రోజులకు నా ఓటు చూపు మార్చుకోవడానికే.

ఒక్క మినహాయింపు. ఇద్దరి పని ఒక్కరితో చేయిస్తున్నందుకు వచ్చే కోపానికి చూపు మార్చుకోనక్కర్లేదు. దాన్ని కాగితం మీద పెట్టి ఇన్‌ఛార్జికి ఇవ్వాలి.