స్వర్ణముఖి ఒడ్డున ఉదయం: తొండవాడా, తిరుచానూరా?

తిరుపతి శివార్లలో ఉండేవారికి స్వర్ణముఖి చెంతకు వెళ్లడానికి రెండు వైపులా వీలుంది. నడకకైతే తిరుచానూరు వైపు మేలు. ఊరికి 5 కిలోమీటర్లే. యోగిమల్లవరంలో చోళుల కాలంనాటి పరాశరేశ్వరుడి గుడి చూసుకుని ఏటి వైపు మళ్లవచ్చు. సైకిలుకు మాత్రం ఆ రద్దీలో సుఖం లేదు.

సైకిలెక్కితే నా మనసు తొండవాడకే లాగుతుంది. సుమారు 10 కిలోమీటర్లు. చంద్రగిరి రోడ్డు మీద లారీలుంటాయి కాబట్టి తెలతెలవారుతుండగానే బయలుదేరాలి. అక్కడ భీమా, కల్యాణి ఏళ్లు స్వర్ణముఖిలో కలుస్తాయి. ఒడ్డునే అగస్త్యేశ్వరాలయం. సైకిలు గుడి దగ్గర నిలిపి ఇసుకలోకి దిగండి. వానలు వెళ్లిన కొత్తలో పైపొర గరగరలాడుతుంటుంది, మడమతో నాలుగు వేళ్ల లోతు తవ్వితే చల్లటి తడి తగులుతుంది. ఆ చల్లదనం కోసమే నేను మళ్లీ మళ్లీ వెళ్తాను.

ఏడాదిలో ఎక్కువ రోజులు ఏరు ఎండే ఉంటుంది. పారే నీళ్లు చూడాలంటే ఈశాన్య రుతుపవనాలు కురిసే అక్టోబరు, డిసెంబరు మధ్య వెళ్లాలి. జోరువానలో మాత్రం ఎటూ వద్దు. 2021 నవంబరు వరదలో ఈ ఏటి ఉగ్రరూపం చూశాం. ఇసుక తవ్విన గుంతల్లో లోతు తెలియదు, పిల్లలను దింపకండి.