ముసురు పట్టిన రోజున ఒక గాలపు చెరువు

హోసకోటె దాటాక, బెంగళూరు సందడి తగ్గిన చోట ఉన్న ఈ గాలపు చెరువుకు నేను కావాలనే డిసెంబరు ముసురులో వెళ్లాను. ఎండ కాసి చేపలు ఎగబడే ఆదివారం ఏ చెరువైనా బాగానే కనిపిస్తుంది గనుక, రుసుము కట్టి కూర్చునే చోటును చేపలు పడని పూటే తూచాలని నా అభిప్రాయం.

గేటు దగ్గరున్న చింతామణి వైపు తెలుగాయన డబ్బు తీసుకునే ముందే, "ఇయాల బొచ్చెలు మేత ముట్టవన్నా, ఎండ కాసినాక రాండి" అని ఉన్నమాట చెప్పేశారు. అది నిజమే. బొచ్చె, శీలావతి వంటి చేపలు నీరు 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే బాగా మేస్తాయి, చలికి మందగిస్తాయి. పైగా మబ్బు పగలు నీటిలోని నాచు ఆక్సిజన్‌ను తక్కువగా తయారుచేస్తుంది. ఉన్నదాన్ని చెరువు రాత్రంతా వాడుకోవడంతో, లీటరుకు 5 మిల్లీగ్రాములైనా ఉండవలసింది తెల్లవారేసరికి పడిపోయి, చేపలు మేత మానుకుంటాయి. ఇక్కడ వేకువన నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆడిస్తున్నారు, మెచ్చుకోవాలి.

ఇంత విన్నా వెనుదిరిగిన వారు నాకు కనిపించలేదు. తవుడు, వేరుశనగ చెక్క కలిపి పిసికిన ముద్దను గాలానికి పొదివి వేస్తే, మంచి రోజున దారానికి కట్టి నీటిపై తేలే బెండు ఒక్కసారిగా మునుగుతుంది, అనుమానానికి తావుండదు. పాడు రోజున అది బియ్యపు గింజంత కదిలి ఆగిపోతుంది. ముద్దను పిల్ల జిలేబీ చేపలు కొరుకుతున్నాయో, రాలిన పొడిని పెద్ద బొచ్చె పీల్చుకుంటోందో గట్టు మీది నుంచి తెలియదు. చేప లేదని బెండు ఎన్నడూ తేల్చి చెప్పదు, అందుకే మనిషి లేవలేడు. తాను లేచిపోతే, పొద్దుటి నుంచి చల్లిన మేతకు చేరే చేప పక్కవాడి గాలానికి పడుతుందన్న బాధ ఒకటి. దాన్ని మాత్రం ఎవరూ పైకి ఒప్పుకోరు. గంటసేపు ఎండ వస్తే నాచు మళ్లీ పుంజుకుంటుందన్న ఆశ కూడా వట్టిది కాదు. ఆ మధ్యాహ్నం మబ్బు కాస్త విడివడ్డాక ఎదుటి గట్టున ఒక శీలావతి పడింది. దాన్ని చూసి మిగిలినవారంతా చీకటి దాకా కదలలేదు.

అలాంటి పూటకు ఇక్కడి రేకుల పందిళ్లు, ఒకరి దారం ఒకరికి చిక్కుకోనంత ఎడం చాలా అనుకూలం. అద్దె గాలాల బెండ్లు మాత్రం మరీ లావు, సన్నని కదలికను అవి చూపవు, సొంతవి తీసుకెళ్లండి. గేటు దగ్గర అమ్మే ముద్దలో చెక్క తక్కువ, నీట పడగానే విడిపోతుంది. రుసుము ఎండకూ ముసురుకూ ఒక్కటే. ముసురు పూట తగ్గించడం న్యాయం, కానీ తగ్గించకపోయినా జనం వస్తారని నిర్వాహకులకు బాగా తెలుసు.